మోతికి చెప్పు విసరకు

జకరయ్యా,

గుంజకున్న తెగిన తాడును మళ్ల ముడెయ్యకు, పొయ్యిల పెట్టు. మోతిని మన చేనుదాక ఉరికించి తీస్కరా. అది అలసిపోయేదాక ఇంటికి రాకు.

నిన్న ప్రార్థనకు వచ్చిన పాదిరి అయ్యగారు ఒట్టి కాళ్లతోటి ఇంటికి పోయిండు. మోతి తాడు తెంపుకొని, గడప బయట ఇడిసిన ఆయన చెప్పులను పీకి పెట్టింది. అందరి ముందర నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు అవి కొంగుల దాసుకొని కుట్టియ్యనీకి పోతున్న.

కుక్కను తిట్టకు. బాపు బతికున్నప్పుడు అది ఆయనెంట చేనంత తిరిగేది, ఇంట్ల ఒక్క వస్తువు ముట్టలే. నువ్వు దాన్ని పొద్దంత కట్టేస్తవు. మొరిగితే చెప్పు తీసి విసురుతవు. కొట్టిన్ననుకుంటున్నవు నువ్వు. ఆడుకోనీకి ఇచ్చినవనుకుంటున్నది అది. అయ్యగారి చెప్పులు సుత దానికే అనుకున్నది!

ఇంకోపారి కట్టేసినవంటే చెప్పు నేను విసురుత. మోతి మీద కాదు.

అక్క

రొట్టెలు ఉట్టిల ఉన్నయి, దానికి పెట్టినంకనే తిను. అయ్యగారికి మన బాపు చెప్పులిచ్చి పంపుదామనుకున్న. మోతి వాటి మీద పండుకొని నన్ను సుత ముట్టనియ్యలే.