ఇంటికి నెట్ పెట్టించాను

మామా,

నువ్వు చనిపోయిన రోజున ఏటా రాసుకునే ఉత్తరమే ఇది. ఈసారి మాత్రం కోపంతో రాస్తున్నాను. మన కూతురు సరళకు ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం వచ్చింది. దానికి నెట్ కావాలి. వేముల దాటి మన ఊరికి ఫైబర్ కేబుల్ రాలేదు. జమ్మలమడుగు నుంచి వచ్చిన మెకానిక్ మిద్దెక్కి చూశాడు.

"అక్కా, మీ పెద్దాయన మిద్దె మీద టవరుండాది. మీ మిద్దె మీద డిష్షు పెట్టి అట్ల తిప్పితే నెట్ స్పీడు శానా బాగొస్తాది."

పెద్దాయనంటే నీ నాయకుడే. ఆయన జీపులో నువ్వు ముందు కూర్చున్నందుకే అవతలి పార్టీవాళ్లు నిన్ను నరికారు.

"ఎవురిదప్పా ఆ టవరు నెట్ కంపెనీ?" అన్నాను.

"పెద్దాయన కొడుకూ, అవతలి పార్టీ ఆయన కొడుకూ కలిసి పెట్టినారక్కా."

నాకు ఒళ్లు మండిపోయింది. నిన్ను చంపించినవాడి కొడుకూ, నిన్ను చావుకు పంపినవాడి కొడుకూ ఇప్పుడు భాగస్వాములు!

"ఇంకోటేముండాది?" అని అడిగాను. సిమ్ వేసే డబ్బా ఉందనీ, స్పీడు తక్కువనీ చెప్పాడు.

నాకంటే ముందే సరళ అంది, "అదే పెట్టన్నా."

ఇప్పుడు మీటింగు మధ్యలో నెట్ ఆగితే సరళ పళ్లు కొరుక్కుంటూ డబ్బా పట్టుకుని మిద్దెక్కుతోంది. వాళ్లు కలిసిపోయారు, మంచిదే. ఆ కలవడమేదో నువ్వు బతికుండగా కలిసుంటే వాళ్ల సొమ్మేం పోయేది, చెప్పు?