అడ్డగీత, నిలువుగీత

చిన్నోడా,

తుఫానులో మీ అన్న ఓడ మీంచి జారిపోయిన చోటు ఎక్కడో చెప్పమని వాళ్ల కెప్టెనుగారిని అడిగించాను కదా, జవాబు వచ్చింది. ఉత్తరం వైపు పది, తూర్పు వైపు అరవై అని రెండు అంకెలే ఉన్నాయి.

పక్కింటి టీచరమ్మ గ్లోబు తెచ్చింది. ఒక అంకె అడ్డగీతది, ఒకటి నిలువుగీతది, రెండూ కలిసేదే ఆ చోటని చెప్పి, పాలు పొంగుతున్నాయంటూ ఇంటికి పరుగెత్తింది. నేనే వెతికాను. నా వేలు నేల మీద ఆగింది. పెద్దోడు గట్టెక్కాడని కేక పెట్టాను. ఆవిడ వచ్చి, "అడ్డగీత అంకెతో నిలువుగీత వెతికారు పిన్నిగారూ" అని నా వేలు పట్టుకుని మెల్లగా జరిపింది. అక్కడ చుట్టూ నీలమే.

ఆ కాసేపూ వాడు నాకు బతికే ఉన్నాడురా.

నువ్వూ ఓడ మీదే ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఎప్పుడైనా ఆ గీతలు కలిసే చోటుకు వెళితే, నా బదులు "పెద్దోడా" అని ఒక్కసారి పిలువు. అమ్మ నీ చోటు కనుక్కుందని చెప్పు. మరీ వంగకు, కమ్మీ గట్టిగా పట్టుకో.

వేళకు కడుపునిండా తిను నాయనా.