మేస్త్రీ వచ్చినా మారని పాట

పలాస,
12-8-2003

ఒరే ఎబినేజర్,

శనివారం విశాఖలో మన రాక్ బ్యాండు ప్రోగ్రాముకు నేను రాను. ఆరేళ్లుగా మైకులో అరిచి అరిచి అలిసిపోయాను.

ఇక్కడ జీడి ఫ్యాక్టరీలో అమ్మతో పాటు పిక్కలు కొట్టి పప్పు తీస్తున్నాను. ఆడవాళ్లు యజమానిని తిడుతూ మొరటు పాటలు పాడతారు. పని చూసే మేస్త్రీ రాగానే అదే రాగంలో చర్చి కీర్తన అందుకుంటారు. ఆ తిట్ల పాటలే ఇప్పుడు నావి.

నిన్న స్టేజీ అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని పాడాను. మేస్త్రీ రావడం చూడలేదు. అందరూ కీర్తనలోకి మారిపోయారు. అమ్మ మాత్రం నాతోనే పాడింది.

"నువ్వొక్కడివీ పాడతంటే ఎలాగ ఊరుకుంతాన్రా?" అంది ఇంటికొస్తూ.

ఇద్దరికీ పని పోయింది. నీ దగ్గరున్న నా గిటారు నువ్వే ఉంచుకో.

విశాఖలో మన పాటల్లో ఎంత తిట్టినా చప్పట్లే కొట్టార్రా. నిన్న మొదటిసారి ఒకడికి కోపం వచ్చింది.