అలక గరిటె

హైదరాబాదు

పెద్దమ్మకు శృతి నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారు పడొద్దు, అమ్మ బాగానే ఉంది. ఫోను చేద్దామంటే నీ ఫోను ఎప్పుడూ పెద్దనాయన అంగట్లోనే, బేరాల డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి ఉంటుంది. పోయినసారి చేస్తే నీకు చెప్పమన్న సంగతంతా ఓపిగ్గా విని, "సరేమ్మా, డబ్బు వచ్చేసింది" అని పెట్టేశాడు. పైగా తమిళనాడులో అందరూ తమిళమే చదువుకున్న ఆ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది కుప్పం బడిలో చదువుకున్న నీకు ఒక్కదానికే. ఉత్తరమైతే మన మాట మన మధ్యే ఉంటుంది.

విషయం ఏంటంటే, నేనిప్పుడు ఒక సినిమాకి కథ రాసే పనిలో ఉన్నాను. డైరెక్టరు పేరు మేనక. మూడు కాలాల్లో ముగ్గురు ఆడవాళ్ళు. ఒకరు వెనకటి కాలం, ఒకరు మధ్యకాలం, ఒకరు ఇప్పటి మనిషి. ముగ్గురూ సంతోషంగా లేరు. ఏదో ఒక వస్తువు ఆ ముగ్గురినీ కలుపుతుంది. ఆ వస్తువే దొరకడం లేదు. అద్దం అన్నాను, అందరూ వాడేశారన్నారు. చీర అన్నాను, అది అద్దం కంటే ముందే వాడేశారన్నారు.

మీ అత్తింట్లో తరతరాలుగా అందరూ ఆ ఒక్క ఇంట్లోనే కాపురం చేశారు కదా. వాళ్ళలో బాధలు పడిన ఆడవాళ్ళ కథలుంటే కాస్త రాసి పంపు.

నీ శృతి

తా.క. గోకుల్ అన్న పెళ్ళికి రాలేకపోయాను. కవిప్రియ వదిన నా మీద కోపంగా ఉందా? ఉంటే ఆమె కథ కూడా రాసి పంపు.

*

ధర్మపురి

చిరంజీవి శృతికి పెద్దమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరమూ క్షేమం. నీ ఉత్తరం చదివినాక నేను ఒక్కదాన్ని మాత్రం అయోమయంలో ఉన్నాను.

మా ఇంట్లో ఏడ్చే ఆడవాళ్ళున్నారని నీకు ఎవరు చెప్పినారు? మీ అమ్మేనా? ఆ ముగ్గురూ వేరే వేరే కాలాల వాళ్ళయితే ఎట్లా కలుస్తారో కూడా నాకు అర్థం కాలేదు. మన ధర్మపురి బస్టాండులో కూడా అట్లా జరగదు. అయినా అడిగినావు కాబట్టి మా ఇంటి ఆడవాళ్ళ సంతోషం గురించి రాస్తాను. మీ డైరెక్టరుకు చదివి వినిపించు, బుద్ధి వస్తుంది.

మొదట ఆండాళమ్మ, అంటే మీ పెద్దనాయనకు అవ్వ. మహా ఇల్లాలు. మొగుడికి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడమేంది, అసలు మాటే చెప్పలేదు. మా ఇంటికీ ముందున్న మళిగె అంగడికీ, అదే కిరాణా కొట్టుకూ, మధ్య నడి తలుపు ఉంది కదా, దాని మీద ఇత్తడి గరిటెతో తట్టేది. ఒకసారి తడితే కాఫీ. రెండుసార్లు తడితే అన్నం. ఆపకుండా తడితే చుట్టాలొచ్చినారని. ఆయన వచ్చి తిని, పప్పులూ చింతపండూ తూచుకోవడానికి మళ్ళీ పోయేవాడు. గొడవే లేని సంసారం.

తర్వాత మా అత్త తులసమ్మ. ఆమె ఇంకా సంతోషం. పండగ వస్తే ఆ గరిటెకు పసుపూ కుంకుమా పెట్టేది. నాకు పెళ్ళయిన వారంలోనే దాన్ని నా చేతికిచ్చి, "కమలా, అంగడి తెరిచి ఉండంగా ఈ ఇంటి కోడలు మొగుడితో నోటితో మాట్లాడకూడదు. ఇది ఈ ఇంటి ఆచారం" అని చెప్పింది. మా అంగడి తెల్లారక ముందే తెరుస్తారు. మూసేటప్పటికి మీ పెద్దనాయనకు నిద్ర వచ్చేస్తుంది. అందుకని మా మధ్య ఇంతవరకూ ఒక్క మాటపట్టింపు కూడా రాలేదు.

కాబట్టి మా ఇంట్లో ఎవరికీ ఏ కష్టమూ లేదు.

ఇట్లు, కమలవేణి పెద్దమ్మ

తా.క. వచ్చే శుక్రవారం మంచిరోజు. గరిటెను కవిప్రియ చేతికి ఇచ్చేస్తాను. చింతపండు పెట్టి తోమి పెట్టినాను, బంగారం మాదిరి ఉంది.

*

హైదరాబాదు

పెద్దమ్మా, నీ కాళ్ళకు దండం.

నీ ఉత్తరం మేనక గారికి చదివి వినిపించాను. నువ్వు సంతోషం అని రాసిన ప్రతిచోటా ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. గరిటె ఖాయమైపోయింది. అద్దం లేదు, చీర లేదు. ఒక తలుపు, ఒక గరిటె, మూడు తరాలు. వెనకటి మనిషి ఆండాళమ్మ, మధ్య మనిషి తులసమ్మ, ఇప్పటి మనిషివి నువ్వు. చివర్లో నువ్వు ఆ నడి తలుపు బద్దలు కొట్టి, పెట్టె పట్టుకుని, అంగట్లోంచి నడుచుకుంటూ అందరి ముందూ వెళ్ళిపోతావు. ఆ సీను చెప్తుంటే ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడ కూడా ఏడ్చింది.

కానీ నాకొక సందేహం. ఆచారమన్నది ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. ఆండాళమ్మ అవ్వ అసలు మాట్లాడటం ఎందుకు మానేసింది? అది తెలిసేదాకా ఆ గరిటె వదిన చేతికి ఇవ్వొద్దు. నిన్ను బతిమాలుకుంటున్నాను.

ఇంకొకటి. నాతో నిజం చెప్పు. పెద్దనాయన అంటే నీకు కోపమా? వచ్చేయాలనిపిస్తే మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది.

నీ శృతి

తా.క. మేనక గారు ఒక అనుమానం అడిగారు. రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. అంత మాటల్లేని ఇంట్లో గోకుల్ అన్న ఎట్లా పుట్టాడని.

*

ధర్మపురి

చిరంజీవి శృతికి, ఏం దీవించాలో తెలియని పెద్దమ్మ రాసేది.

నేను ఎక్కడికి పోతాను? పెట్టె ఎందుకు పట్టుకుంటాను? ఆ తలుపు పాత టేకు, బద్దలు కొడితే మళ్ళీ ఎవరు చేసిస్తారు? ఇవన్నీ తర్వాత అడుగుతాను. ముందు జరిగింది విను.

నువ్వు అడిగిన మాట ముల్లు మాదిరి గుచ్చుకుని, బస్సెక్కి మొరప్పూరు పోయినాను. అక్కడ మీ పెద్దనాయన మేనత్త ఉంది. ఆండాళమ్మకు కడగొట్టు బిడ్డ. పళ్ళన్నీ ఊడిపోయినాయి గానీ జ్ఞాపకం ఒక్కటీ ఊడలేదు. ఈ ఆచారం ఎప్పుడు మొదలైందని అడిగితే ముసలామె పడీ పడీ నవ్వింది.

"ఆచారమా? అది మా అమ్మ అలక" అనింది.

అప్పట్లో ధర్మపురికి డేరా సినిమా వచ్చిందంట. తీసుకుపోతానని మొగుడు మాటిచ్చినాడంట. ఆండాళమ్మ కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని కూర్చుంటే, ఆయన స్నేహితులతో పోయి చూసొచ్చి, ఏమీ ఎరగనట్టు కాఫీ అడిగినాడంట. నాకు చూపించేదాకా నీతో మాట్లాడనని చెప్పి ఈమె గరిటె ఎత్తింది. ఈలోగా డేరా ఎత్తేసి పోయినారు. ఆయనకు అడగడానికి సిగ్గు, ఈమెకు దిగడానికి సిగ్గు. అట్లా ఇద్దరూ ముసలివాళ్ళయినారు. కోడలుగా వచ్చిన తులసమ్మత్త అది చూసి ఇంటి ఆచారమనుకుని తానూ తట్టడం మొదలుపెట్టింది.

నాకు తల తిరిగిపోయింది శృతీ. అవ్వ అలకను అత్త ఆచారమనుకుంది. అత్త ఆచారాన్ని నేను దేవుడి పని మాదిరి చేసుకుంటా వచ్చినాను. అవ్వ తాత మీద అలిగింది, సరే. మరి నేను ఎవరి మీద అలిగినట్టు?

తిరిగి వస్తా బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చినాను. నాకు ఏ కష్టమూ లేదని రాసినాను కదా, అది అబద్ధం కాదు, ఉందో లేదో ఎప్పుడూ చూసుకోలేదంతే. మీ పెద్దనాయనకు చెప్పాలనుకున్నవి ఎన్నో ఉండేవి. రాత్రి చెబుదామని దాచుకుంటే చల్లారిపోయేవి.

శుక్రవారం గరిటె ఇవ్వలేదు. కవిప్రియ ఎదురుగా నిలబడితే చెయ్యి రాలేదు.

ఇంకో సంగతి, మీ పెద్దనాయనకు ఒంట్లో బాగాలేదు. రెండోసారి అన్నం పెట్టించుకోవడం లేదు. నీ ఉత్తరాలను తలకిందులుగా పట్టుకుని చూస్తా ఉంటాడు. రోజూ మల్లెపూలు తెచ్చి కిటికీలో పెట్టి పోతున్నాడు. మొన్న నా ఫోను కూడా తెచ్చి నాకే ఇచ్చేసినాడు. ఇది ఏ జబ్బో అక్కడ పెద్ద డాక్టరును అడిగి రాయి.

ఇట్లు, కమలవేణి

తా.క. మా అంగడికీ అమావాస్యకు సెలవు ఉంటుందని మీ డైరెక్టరుకు చెప్పు.

*

హైదరాబాదు

పెద్దమ్మా, ముందు నన్ను క్షమించు, తర్వాత చదువు. నీ చేతికొచ్చిన ఫోనుకు ఎన్నిసార్లు చేసినా ఆపేసి ఉందనే వస్తోంది.

పెద్దనాయనకు ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా మా మణివణ్ణన్ ఒక్కడే. సినిమాకు ఇళ్ళూ వీధులూ చూసిపెట్టేది అతనే. మేనక గారు తలుపు కొలతలు తీసుకు రమ్మంటే నాకు చెప్పకుండానే ధర్మపురి వచ్చాడు. నువ్వు ఇంట్లో లేవు. ఆ రోజే మొరప్పూరు వెళ్ళినట్టున్నావు. పెద్దనాయన అతనికి కాఫీ ఇప్పించి, ఎందుకు కొలుస్తున్నావని తమిళంలో అడిగాడట. ఇతను తిన్నగా, "ఈ ఇంటమ్మ కడసీనులో ఈ తలుపు పగలగొట్టి, పెట్టె పట్టుకుని వెళ్ళిపోతారు సార్. కథ అంతా ఆవిడే ఉత్తరాల్లో రాసి పంపిస్తున్నారు" అని చెప్పాడట.

సినిమా అన్న మాట ఎక్కడైనా చెప్పావా అని నేను అరిస్తే, చెప్పాననే అనుకుంటున్నాను మేడం అంటున్నాడు.

పెద్దనాయన తూస్తున్న పప్పు పక్కన పెట్టేశాడట. తర్వాత మొగుడు చేసిన తప్పేంటని అడిగాడట. అది డైరెక్టరుగారు ఇంకా తేల్చలేదని మణివణ్ణన్ చెప్పాడట.

పెద్దమ్మా, ఇది అందగానే ఆయనకు విషయం చెప్పేయ్. గరిటెతో కాదు, నోటితో. నాకు భయంగా ఉంది. నేను సినిమా తియ్యబోయి నీ కాపురం తీసేలా ఉన్నాను.

నీ శృతి

తా.క. ఇంకొకటి అడిగాడట. ఆవిడ పట్టుకెళ్ళే పెట్టె ఏ రంగు అని. మణివణ్ణన్ ఏదో ఒకటి చెప్పాలి కదా అని నీలం అన్నాడట.

*

ధర్మపురి

చిరంజీవి శృతిని, దాని డైరెక్టరును, ఆ మణివణ్ణన్‌ను కూడా కలిపి దీవించి పెద్దమ్మ రాసేది.

నీ ఉత్తరం ఒక పూట ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందే అయిపోయింది.

మధ్యాహ్నం అంగడి షట్టరు దించిన చప్పుడయింది. వెలుగు ఉండంగా ఆ చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. తర్వాత నడి తలుపు మీద ఎవరో తట్టినారు, అంగడి పక్కనుంచి. శృతీ, ఆ పక్కనుంచి తడితే అర్థం ఏందో మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. కాఫీ కావాలనా, చుట్టాలొచ్చినారనా? తిరిగి తట్టాలా వద్దా అని గరిటె పట్టుకుని నిలబడిపోయినాను. కవిప్రియ వచ్చి, తలుపు తీస్తే సరిపోతుంది కదత్తా అనింది. ఆ ఆలోచన నాకు రానే లేదు.

తీసినాను. మీ పెద్దనాయన ఒక చేతిలో తలుపు తట్టిన పాత తూకం గుండు, ఇంకో చేతిలో నీలం రంగు కొత్త పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా అంతా చెమట.

"పోయేదుంటే పో కమలా. మన పాత పెట్టెకు జిప్పు రాదు, దాంతో పోతే మీ చెల్లెలింట్లో నీకు చులకన. ఇన్నేళ్ళుగా నా మీద కోపం ఎందుకో, అది ఒక్కటి చెప్పేసి పో" అన్నాడు.

నాకు కోపమేంది అన్నాను. ఆచారం కదా అన్నాను. ఆయన గుండును కింద పెట్టి దాని పక్కనే కూలబడినాడు. జరిగింది ఏందంటే, ఈ ఇంట్లో అత్తలు కోడళ్ళకు ఒకటి చెప్పినారు, నాయనలు కొడుకులకు ఇంకొకటి చెప్పినారు. మాకు ఆచారమని చెప్పినారు. వాళ్ళకేమో, పెళ్ళాం గరిటె ఎత్తిందంటే నువ్వేదో తప్పు చేసినట్టు, కారణం అడగొద్దు, అడిగితే కోపం రెండింతలవుతుందని చెప్పినారు. పాపం అడగకుండానే ఆయన తల నెరిసిపోయింది.

సినిమా సంగతి, నీ ఉత్తరాల సంగతి, మొరప్పూరు సంగతి అన్నీ చెప్పినాను. చెబుతా ఉంటే ఆయన ముఖం తేటపడింది. ఆ తేటలో నోరు జారినాడు.

"అట్లయితే ఆ సినిమాకు పోయింది నీకు తెలియనే తెలియదా?" అన్నాడు.

ఏ సినిమా అని అడిగినాను.

మా పెళ్ళయిన వారంలో, చింతపండు బేరానికి మారండహళ్ళి పోతున్నానని నాతో చెప్పి, స్నేహితులతో సినిమాకు పోయినాడంట. మరుసటి రోజే నా చేతిలో గరిటె చూసి, దొరికిపోయినానేమో, అదేనా కోపం అని అడగలేక ఉండిపోయినాడంట. మల్లెపూలు అందుకే. ఫోను అందుకే. ఆ రోజు నేను పట్టుచీర కట్టుకుని, చింతపండు బేరం ఎప్పుడు ముగుస్తుందా అని కిటికీ దగ్గర ఎదురుచూసినాను శృతీ. నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ఇప్పుడు నిజంగానే అలిగినాను. ఇన్నాళ్ళూ ఊరికే తట్టినాను, ఇప్పుడు కారణం దొరికింది. అయితే ఈ ఇంట్లో నోరు మూసుకుని అలిగితే దాన్ని ఆచారమంటారు. అందుకని నోరు తెరిచి అలిగినాను. అంగట్లో గల్లా పెట్టె పక్కన స్టూలు వేయించుకుని కూర్చుని, దాచుకున్నవన్నీ మొదటినుంచీ చెబుతా ఉన్నాను. పప్పు కొనేవాళ్ళు నా పక్షం, బీడీలు కొనేవాళ్ళు ఆయన పక్షం. వ్యాపారం పెరిగింది. ఆయన తూస్తా తూస్తా వింటాడు, మధ్యలో ఊ కొడతాడు. నిన్న ఒక మాటకు గట్టిగా నవ్వినాడు. ఆయనకు పక్కన ఒక పన్ను లేదని నాకు నిన్ననే తెలిసింది.

నీ సినిమా మొదటి ఆటకు నన్ను ఆయన దగ్గరుండి తీసుకుపోతేనే అలక దిగుతానని చెప్పినాను. ఒప్పుకున్నాడు. నీలం పెట్టెలో ఇద్దరి బట్టలూ పడతాయి. సినిమా వచ్చేసరికి చాలా కాలం పడుతుందని మణివణ్ణన్ ఫోనులో అన్నాడు. తొందరేమీ లేదని చెప్పు. నేనింకా మా పెళ్ళయిన మొదటి సంవత్సరంలోనే ఉన్నాను.

ఇట్లు, అలిగి మాట్లాడుతున్న పెద్దమ్మ

తా.క. గరిటెను నీ సినిమాకే ఇచ్చేస్తున్నాను. ఇంక మా ఇంట్లో దాని పని లేదు. గుడ్డ చుట్టి, పార్సిలు కట్టి, చిరునామా కూడా రాసేసినాను.

ఇంకో తా.క. పార్సిలు విప్పినాను. కవిప్రియ వచ్చి, "అత్తా, మీ కొడుకు నిన్న చెట్టికరైలో స్నేహితుణ్ణి చూసొస్తానని చెప్పి సినిమాకు పోయినాడు. జేబులో టికెట్టు దొరికింది. ఆ గరిటెను రెండు రోజులు ఆగి పంపకూడదా?" అని అడిగింది.