‘నీటివాటా’లో చనిపోయినవాడు లేవకూడదు

ఒంటారియో రాష్ట్రం, రిచ్‌మండ్ హిల్‌లో ఉంటున్న కమలకుమారి అనే నేను, వెంకటసుబ్బయ్య గారి భార్యను, వయస్సు డెబ్బై ఒకటి, రిటైరైన విలేకరిని, ఈ వీలునామాను నా చేత్తో రాస్తున్నాను. నా మతి స్థిరంగా ఉందని డాక్టరు గారు ఇచ్చిన కాగితం వెనక జతపరిచాను. వచ్చే వారం నా గుండెకు ఆపరేషన్. దీన్ని రాయమని నన్ను బలవంతపెట్టినవారు లేరు. వేరే కాగితం మీద సంతకం చేయమని బతిమాలినవారు ఒకరున్నారు. అతని సంగతి ఐదో అంశంలో వస్తుంది. ఇంతకుముందు రాసిన వీలునామా ఇకపై చెల్లదు.

1. నా కూతురు రూపను ఈ వీలునామా అమలుకు నిర్వాహకురాలిగా నియమిస్తున్నాను. నేను చెప్పింది నచ్చకపోతే నా మొహం మీదే, ఇంగ్లీషులో చెప్పే మనిషి. నచ్చకపోయినా చేస్తుంది.

2. ఇల్లు నాదీ నా భర్తదీ కలిపి ఉంది. నా తర్వాత ఆయనదే. ఆయన ఉన్నంతకాలం దాన్ని అమ్మి కాండో ఫ్లాట్‌కు మారమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. బ్యాంకులో ఉన్నది ఆయనకూ రూపకూ చెరిసగం. గరాజ్‌లో మా అబ్బాయి అర్జున్ స్నో బూట్లు ఉన్నాయి. వాటిని డొనేషన్ పెట్టెలో వేయవద్దు. ఏటా చలి మొదలవగానే ఆయన వాటికి పాలిష్ పెడతారు. నేను చూడలేదని అనుకుంటారు.

3. ఇక తగవున్న ఆస్తి. ‘నీటివాటా’ అనే ఒపేరాకు మాటలు నావి, సంగీతం రూపది. మూలం స్పెయిన్‌లో తరతరాలుగా ఆడుతున్న ఒక విషాద నాటకం. కాలువ నీటి కోసం రెండు కుటుంబాలు కొట్టుకుంటాయి. ఒక కొడుకు కత్తిపోటు తిని, పాడుతూ చనిపోతాడు. తల్లి ఆ కొడుకు శవం పక్కన కాసేపు కూర్చుంటుంది. ఏడవదు. లేచి వెళ్లి తలుపు వేస్తుంది. అంతే, తెర పడుతుంది. కథను కృష్ణా కాలువల మీదికి తెచ్చాను. తలుపు మాత్రం మార్చలేదు.

అర్జున్ ఇరవై తొమ్మిదో ఏట, కాల్గరీ దగ్గర హైవే మీద మంచుకు కారు జారి చనిపోయాడు. తర్వాత మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఒక్కో ఓదార్పు తెచ్చారు. మళ్లీ పుడతాడన్నారు. పైనుంచి చూస్తున్నాడన్నారు. అర్జున్ తండ్రి ఆ రోజు నుంచి కొడుకు పేరు ఎత్తలేదు. ఆ స్పానిష్ నాటకంలో ఒక్కరూ అలాంటి కబుర్లు చెప్పరు. అందుకే దాన్ని ఎంచుకున్నాను. ‘నీటివాటా’ మాటల మీద నాకున్న సర్వహక్కులూ రూపకు ఇస్తున్నాను. షరతు ఒక్కటే: చనిపోయినవాడు లేవకూడదు. లేస్తాడని తెలిస్తే అనుమతి ఇవ్వకూడదు; ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోవాలి.

4. ఈ షరతు ఎందుకో నా తమ్ముడు భరద్వాజ్‌కు తెలుసు. మూడేళ్ల క్రితం తొలి ప్రదర్శనలో కొడుకు వేషం వాడిది. గొంతు బాగుందని ఇచ్చామని అందరికీ చెప్పాం. అర్జున్‌ది మేనమామ పోలిక. మేకప్ వేసి విగ్గు పెట్టాక రూప వాణ్ని ఒకసారి చూసి, మైకు వైర్లు సర్దుతూ ఉండిపోయింది. నేను స్క్రిప్టులోకి చూశాను.

మాది తెనాలి. పద్య నాటకాలు చూసి పెరిగినవాళ్లం. నచ్చిన పద్యం అవగానే జనం ‘వన్స్‌మోర్’ అనడం, పాడినవాడు మళ్లీ పాడటం అక్కడ మర్యాద. చచ్చే ముందు పద్యమైనా సరే, లేచి పాడి, మళ్లీ చచ్చేవారు. రిచ్‌మండ్ హిల్ హాల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది ఆ నాటకాలు చూసినవాళ్లే. నేను తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెబుతున్నాను. భరద్వాజ్ పాడాడు, చనిపోయాడు. బాగానే చనిపోయాడు. హాల్లోంచి ‘వన్స్‌మోర్’ అని వినిపించింది. వాడి కాలి వేళ్లు కదిలాయి.

“పడుకోరా!” అన్నాను.

“ఒక్క నిమిషం అక్కా,” అని లేచాడు.

తల్లి వేషంలో ఉన్న వాసంతి కాలు పక్కకు జరిపి దారి ఇచ్చింది. వయొలిన్ వాయించే కెనడియన్ అమ్మాయి ఏదో ప్రమాదం జరిగిందనుకుని నిలబడిపోయింది. రూప ఆర్కెస్ట్రా ముందు నిలబడి పేజీలు వెనక్కి తిప్పింది. వాడు పంచె దులుపుకుని, జనానికి దండం పెట్టి, మళ్లీ పాడి, మళ్లీ చనిపోయాడు. ఇంకోసారి అడిగారు. ఇంకోసారి లేచాడు. మూడో చావుకు లైటు బాగా పడే చోటు చూసుకున్నాడు. ఆ తర్వాత వాసంతి వెళ్లి తలుపు వేస్తే హాలంతా నవ్వింది.

మర్నాడు ఫోన్ చేసి అడిగాను. “జనం అడిగారక్కా. అడిగితే లేవకుండా పడుకోడానికి నేనేమన్నా శవాన్నా?” అన్నాడు.

ఆ సమయానికి వాడు శవమే. అదే వాడి పాత్ర.

మా నాన్నగారి హార్మోనియం తనకు రావాలని భరద్వాజ్ చాలాకాలంగా అడుగుతున్నాడు. అది రూపకు ఇస్తున్నాను.

5. మా తెలుగు సంఘం అధ్యక్షుడు మహీధర్‌కు ‘నీటివాటా’ మీద ఏ హక్కూ లేదు. కాల్గరీ, విన్నిపెగ్‌లలో ప్రదర్శనల కోసం హాళ్లు మాట్లాడుకున్నాడని విన్నాను. పోస్టర్ నమూనా చూశాను. అందులో తల్లి లేదు, కాలువ లేదు, తలుపు లేదు. పాడె మీద లేచి కూర్చున్న భరద్వాజ్ ఉన్నాడు. పోయిన ఆదివారం మహీధర్ స్వీట్ల డబ్బాతో మా ఇంటికి వచ్చాడు.

“ఆ లేచే సీనే మన హైలైట్ ఆంటీ. టికెట్లు దానికే వెళ్తాయి. కాల్గరీలో మూడుసార్లు లేపుదాం. జస్ట్ ఒక సంతకం, ఆపరేషన్ ముందే అయితే మీక్కూడా టెన్షన్ ఉండదు.”

టెన్షన్ ఎవరికో నాకు అర్థమైంది. సంతకం చేయలేదు. స్వీట్లు వెనక్కి పంపాను. డబ్బా మాదే, పోయినసారి పులిహోర పెట్టి ఇచ్చాం, కాబట్టి ఉంచుకున్నాను.

6. తొలి ప్రదర్శనకు వచ్చిన ఇంగ్లీషు పత్రిక విమర్శకుడు, చనిపోయినవాడు లేవడం పునర్జన్మకు ప్రతీక అని, ఈ ఒపేరాలో అన్నిటికన్నా సాహసమైన ఆలోచన అదేనని రాశాడు. ఎవరినీ ఒక్క ప్రశ్న అడగకుండా రాశాడు. అతనికి ఇచ్చేదేమీ లేదు. ఆ సమీక్షను మా పోస్టర్ల మీద వేయకూడదు.

7. సవరణ. తప్పు అచ్చయితే, ఎంత పెద్దగా అచ్చయిందో అంత పెద్దగానే సరిదిద్దాలని నేను పని చేసిన చోట నియమం. మొదట ‘వన్స్‌మోర్’ అన్నది మహీధరేనని నేను మూడేళ్లుగా చెబుతూ వచ్చాను. ఈ వీలునామాలో కూడా అలాగే రాయబోయాను. రాసే ముందు రుజువు చూసుకోవాలి కదా. ఆ ప్రదర్శన రికార్డింగ్ రూప దగ్గర ఉంది. ప్రేక్షకుల మీద విడిగా ఒక మైకు వేలాడదీశారు. విన్నాను. పాట అయిపోయింది. హాలు నిశ్శబ్దం. తర్వాత ఒక్క గొంతు, బొంగురుగా, చాలాకాలం వాడనట్టుగా, “వన్స్‌మోర్” అంది. ఆ తర్వాతే మహీధర్. ఆ తర్వాతే అందరూ.

రూపకు హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. విని, తీసి బల్ల మీద పెట్టి, “దట్స్ డాడ్,” అంది.

రెండోసారి మొదలుపెట్టిందీ ఆయనే.

ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసినవారు. పద్యాలంటే చెవి లేదని తనే చెబుతారు. మా పెళ్లయ్యాక ఒక్క నాటకం చివరిదాకా చూడలేదు. కాబట్టి ఆయన అడిగింది పాటను కాదు. ఎవరి మీదా వాళ్లను అడగకుండా నేను వార్త రాయలేదు. దీని గురించి మాత్రం ఆయనను అడగలేదు.

మహీధర్‌కు ఈ సవరణ రాసిస్తున్నాను. ఇంకేమీ లేదు.

8. మూడో అంశంలోని షరతుకు ఒక్క మినహాయింపు. ‘నీటివాటా’ ఆడే హాల్లో నా భర్త వెంకటసుబ్బయ్య గారు ఉండి, ఆయన అడిగితే, చనిపోయినవాడు లేవాలి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు లేవాలి. ఎవరూ నవ్వకూడదు, ఎవరూ ఆయనతో గొంతు కలపకూడదు. వాసంతి ఆయన చాలనేదాకా తలుపు వేయకుండా ఆగాలి. ఆయన తదనంతరం ఈ మినహాయింపు ఉండదు.

ఆ ప్రదర్శనల్లో కొడుకు వేషం భరద్వాజ్‌దే. అర్హత చూసి ఇవ్వడం లేదు. ఆ ముఖం ఇంకెవరికీ లేదు. వాడు బరువు పెరుగుతున్నాడు; తగ్గాలి.

9. నన్ను దహనం చేసే ముందు ఆ ఆఖరి పాట భరద్వాజ్ పాడవచ్చు. ఒక్కసారే. ఎవరడిగినా సరే.

రిచ్‌మండ్ హిల్, 2025 నవంబర్ 14, శుక్రవారం.

(సంతకం) కమలకుమారి

మా ఇద్దరి ఎదుట, మేమిద్దరం ఒకేసారి అక్కడ ఉండగా, ఆమె సంతకం చేశారు. ఈ వీలునామా వల్ల మాకు వచ్చేదేమీ లేదు.

సాక్షులు:
దేవిశ్రీ, పక్కింటివారు
కొమరయ్య, ఎదురింటివారు