మూడేళ్ళ కిందటి కాలు

ఒకటో తారీఖు, సాయంత్రం

ప్రియమైన వదినకు,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటున్నారు కదూ? ఫోన్ చేస్తే "బాగున్నాం, మీరూ బాగేగా, ఉంటాను" అని మూడు ముక్కల్లో పెట్టేస్తారు. ఆరేళ్ళుగా అదే వరస. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

వదినా, ఇవాళ నేనొక కంపెనీని ఓడించాను!

మొదటి నుంచి చెబుతాను. మన కృత్రిమ కాళ్ళ వర్క్‌షాపుకి మీరు వెళ్ళే ముందు వచ్చిన సరంజామా గుర్తుందిగా. తెగిన కాలి ఆకారాన్ని చదివే స్కానర్, ఆ ఆకారాన్ని సరిదిద్దే కంప్యూటర్, దాన్ని నురుగు దిమ్మలో అచ్చుగా చెక్కే యంత్రం. ఆ అచ్చు మీద వేడి ప్లాస్టిక్ పరిస్తే సాకెట్, అదే, కాలు దూరే గిన్నె, తయారు. ఈ ఆరేళ్ళలో నాలుగు వందల పన్నెండు మంది కాళ్ళ ఆకారాలు ఆ కంప్యూటర్‌లో చేరాయి. యంత్రం ఒక్క రోజు మొరాయించలేదు.

పోయిన నెలలో ఆ ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ నుంచి కాగితం వచ్చింది. మన కంప్యూటర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతదట. దాన్ని చేసినవాళ్ళు సపోర్టు ఆపేశారట, కాబట్టి వీళ్ళూ ఆపేస్తారట. ఒకటో తారీఖు నుంచి ప్రోగ్రాం తెరుచుకోదు. కొత్త సిస్టమ్ వేద్దామంటే మన కంప్యూటర్ మొయ్యలేదు. కొత్త కంప్యూటర్ తెద్దామంటే, దానిలో నడిచే కొత్త ప్రోగ్రాం మన చెక్కే యంత్రాన్ని గుర్తుపట్టదు. కొత్త చెక్కే యంత్రమంటే వర్క్‌షాపుని గోడలతో సహా అమ్మినా రాదు.

మీ తమ్ముడు కంపెనీకి ఫోన్ చేసి, నేనూ వినేలా స్పీకర్‌లో పెట్టారు.

"మీ సిస్టమ్ లైఫ్ అయిపోయింది సార్."

"నిన్న సాయంత్రం కూడా ఒక అచ్చు చెక్కిందండీ."

"చెక్కుతుంది సార్. కానీ లైఫ్ అయిపోయింది."

"అంటే యంత్రంలో ఏమన్నా తేడా ఉందా?"

"తేడా ఏం లేదు సార్. సపోర్టు లేదు."

"బతికున్నదాన్ని పట్టుకుని పోయిందంటారేంటి బాబూ?"

"కాస్త లైన్లో ఉండండి సార్."

నలభై నిమిషాలు పాట వినిపించారు. మీ తమ్ముడి సంగతి తెలుసుగా, నలభై నిమిషాలూ విన్నారు. అప్పటి నుంచి రోజూ చేస్తున్నారు, రోజూ వింటున్నారు. ఆ పాట ఇప్పుడు ఇంట్లో ఈల వేస్తున్నారు.

ఇవాళ పొద్దున కంప్యూటర్ తెరిస్తే, అన్నట్టే, నడిమధ్యలో బూడిదరంగు పెట్టె: గడువు ముగిసింది. బయట బెంచీ మీద డ్రిల్లు మాస్టారు కూర్చుని ఉన్నారు. మీకు తెలియదేమో, మీరు వెళ్ళాక చేరిన మనిషి. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. పధ్నాలుగో తారీఖున వాళ్ళ బడిలో ఆటల పోటీలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మైదానంలో నిలబడి ఈల ఊదాలి. పాత సాకెట్ వదులైపోయి నాలుగు మేజోళ్ళు తొడుక్కుని వస్తున్నారు. "అయిందామ్మా?" అంటారు, రెండు నిమిషాలకోసారి.

ఆ స్క్రీన్ వంక చూస్తున్నాను. మూల తేదీ కనిపించింది. ఇది ఒకటో తారీఖని దీనికెవరు చెప్పారు? ఈ కంప్యూటరే కదా! తేదీని చేతికొచ్చినట్టు వెనక్కి తిప్పాను. ఆరేళ్ళ కిందటి తేదీ ఏదో పడింది. ప్రోగ్రాం ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది వదినా! నేను వేసిన కేకకి మీ తమ్ముడు వేడి ప్లాస్టిక్ రేకు జారవిడిచారు. డ్రిల్లు మాస్టారు అలవాటుగా ఈల ఊదేశారు. వెంటనే ఆయన కాలు స్కాన్ చేశాను. రేపు అచ్చు చెక్కిస్తాను.

ఇంతకంటే రాయను. నా సంతోషంలో సగం మీకు పంపించాలనిపించింది, అంతే.

గెలిచి వచ్చిన మీ మరదలు,
తొందరమ్మ

---

ఐదో తారీఖు, మధ్యాహ్నం

వదినా,

మొన్నటి ఉత్తరం ఇంకా చదవకపోతే చదవద్దు. చదివి ఉంటే నవ్వుకుని, ఇది చదవండి.

నిన్న డ్రిల్లు మాస్టారు వచ్చి కొత్త సాకెట్ తొడుక్కున్నారు. రెండడుగులు వేసి ఆగారు. కిందకి చూసుకున్నారు. మళ్ళీ ఒకడుగు. "ఇది నా కాలేనమ్మా. అందులో అనుమానం లేదు. కాకపోతే మూడేళ్ళ కిందటిది" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "లోపల గిలకలా ఆడుతోంది. అప్పట్లో నాకు ఇంత కండ ఉండేది."

కంప్యూటర్‌లో చూశాను. అక్షరాలా నిజం. ఆ ప్రోగ్రాం ఒక మనిషి పేరు కొడితే అన్నిటికంటే చివరి తేదీ ఉన్న ఆకారాన్ని తీసుకుని చెక్కుతుంది. ఒకటో తారీఖున తీసిన స్కాన్ మీద నేను తిప్పిన తేదీ పడింది, ఆరేళ్ళ కిందటిది. మూడేళ్ళ కిందట తీసిన స్కాన్ దానికంటే కొత్తదని లెక్కేసి, దాన్ని చెక్కింది. యంత్రం తప్పు చెయ్యలేదు. నేను దానికి అబద్ధం చెప్పాను, అది నమ్మింది. ఆయనకి తేడా తెలిసింది కాబట్టి సరిపోయింది. చర్మం మొద్దుబారిన మనిషైతే సాయంత్రానికి పుండు పడేది.

కంగారులో ముందు అసలు తేదీకి తెచ్చాను. మళ్ళీ ఆ బూడిదరంగు పెట్టె వచ్చింది. ఆరేళ్ళెందుకు, నెల రోజులు వెనక్కి వేస్తే చాలు కదా అని పోయిన నెలకి తిప్పాను. ఒకే రోజు తేదీ అటూ ఇటూ మారేసరికి ప్రోగ్రాంకి అనుమానం వచ్చింది. "తేదీ మార్పులు గుర్తించాం. ఈ కాపీని శాశ్వతంగా నిలిపివేశాం." అంతే. నాలుగు వందల పన్నెండు మంది కాళ్ళు లోపల ఉండిపోయాయి. మీ తమ్ముడు ఫోన్ చేతికి తీసుకుని పాట వినడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. చేతికొచ్చిన తేదీ తిప్పానని రాశాను. అది అబద్ధం. నెల వెనక్కి చాలని అప్పుడూ నాకు తెలుసు. అయినా నా చెయ్యి సరిగ్గా ఒక తేదీ దగ్గర ఆగింది. మీరు వర్క్‌షాపు మానేసిన రోజుకి ముందు రోజు.

ఆ మర్నాడేం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, కానీ నేను ఒప్పుకోవాలి. మొదటి అచ్చు యంత్రం లోంచి బయటికి వచ్చింది. మీకు రెండు రోజులు పట్టే పని నలభై నిమిషాల్లో అయింది. బెంచీ మీద ఐదుగురున్నారు. వాళ్ళందరి ముందూ చప్పట్లు కొట్టి, "వదినా, ఇక మీ చేతులకి విశ్రాంతి! ఇంతకాలం చేసినందుకు థ్యాంక్స్!" అన్నాను. మీరు ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నె కడిగి, తుడిచి, అరలో బోర్లించారు. ఆప్రాన్ మేకుకి తగిలించారు. మర్నాటి నుంచి రాలేదు. ఆరు నెలలకి కూతురి దగ్గరుంటానని ఊరే మారిపోయారు.

పోయిన నెల వచ్చిన ఆ కంపెనీ కాగితంలో చివరి వాక్యం ఏమిటో తెలుసా? "ఇంతకాలం మాతో ఉన్నందుకు ధన్యవాదాలు. మీ పాత సిస్టమ్‌కు ఇక విశ్రాంతినివ్వండి." అది చదువుతుంటే నాకు నా గొంతే వినిపించింది. బాగా పనిచేస్తున్న మనిషితో ఆ మాట అన్నది నేను. నా మాటని ఎవరో అచ్చు వేయించి నాకే పంపినట్టుంది.

డ్రిల్లు మాస్టారికి ఇంకా తొమ్మిది రోజులుంది. వేరే చోట అడిగితే నెలన్నర అన్నారు. ఆయన కాలికి ప్లాస్టర్ చుట్టి చేత్తో అచ్చు తియ్యగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కరే. అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. వస్తారా?

ప్రోగ్రాం ఇక తెరుచుకోదని తెలిసీ, కంప్యూటర్ తేదీని మళ్ళీ ఆ రోజుకే తిప్పి వదిలేశాను. స్క్రీన్ మూల మీరింకా మానెయ్యలేదు.

మీ మరదలు

---

ఏడో తారీఖు

తొందరమ్మకి,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మొదటిది చదివి గట్టిగా నవ్వితే అమ్మాయి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. రెండోది చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. తుడిచింది అద్దాలనే, ఎక్కువ ఊహించుకోకు.

పిల్లా, నీ మాటకి నేను మానెయ్యలేదు.

కుడిచేతి వేళ్ళు మొద్దుబారడం అంతకు ఏడాది ముందే మొదలైంది. ముందు చూపుడు వేలు, తర్వాత బొటనవేలు. మోకాలి బయటి పక్క గుండ్రటి ఎముక ఉంటుందే, దాన్ని వేలితో వెతికి గుర్తు పెట్టకపోతే సాకెట్ అక్కడే నొక్కి పుండు చేస్తుంది. ఒక దర్జీ ఆవిడకి అలాగే చేశాను. ఎముక ఎక్కడుందో నా వేలికి తెలియలేదు. ఆవిడ నెల రోజులు మంచం మీద ఉంది. కొత్త చెప్పు పడలేదేమో అని మీ ఆయన అనుకున్నాడు. నేను ఔనన్నాను. ఆ ఒక్క అబద్ధంతో ఇంక ఏ కాలిని ముట్టుకోవాలన్నా భయం పట్టుకుంది.

మానేద్దామంటే కారణం చెప్పాలి. నలుగురి ముందు నా చేతులు పోయాయని చెప్పడం నా వల్ల కాలేదు. అప్పుడు నువ్వు చప్పట్లు కొట్టి ఆ మాట అన్నావు. నాకు గొడుగు దొరికినట్టయింది. వదినకి మనసు కష్టమైంది కాబట్టి మానేసిందని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. నువ్వూ అలాగే అనుకుంటావని నాకు తెలుసు. ఫోన్‌లో నీ గొంతు వింటే తప్పు చేసినదానిలా ఉండేది, అందుకే తొందరగా పెట్టేసేదాన్ని. ఆరేళ్ళు నిన్ను ఆ బరువు మొయ్యనిచ్చాను. క్షమించమని అడగాల్సింది నువ్వు కాదు.

ఇక పని సంగతి. నాలుగు వందల పన్నెండు మంది కాళ్ళు పోయాయని ఏడవకు. వాళ్ళ కాళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. నీ పెట్టెలో ఉన్నవి పాతవి. మూడేళ్ళ కిందటి కాలు పనికిరాదని మీ డ్రిల్లు మాస్టారే తేల్చి చెప్పాడుగా. వచ్చినప్పుడు వచ్చినవాళ్ళకి మళ్ళీ కొలుస్తావు.

నా వేళ్ళకి సపోర్టు ఆగిపోయి ఏడేళ్ళు. నోటికి ఇంకా ఆగలేదు. నేను చెబుతాను, నువ్వు చేస్తావు. తొమ్మిదో తారీఖు పొద్దున బస్సుకి వస్తున్నాను. ప్లాస్టర్ బ్యాండేజీ రెండు డజన్లు తెప్పించు. ఎముక గుర్తులు పెట్టడానికి, తడిస్తే ఊదారంగుకి తిరిగే పెన్సిల్ నా సొరుగులో ఉండాలి. వేడినీళ్ళు పెట్టావంటే చుట్టేలోపు బిగుసుకుపోతుంది, చల్లనివే పెట్టు. గోళ్ళు తీసెయ్.

అన్నట్టు, ఆ కంప్యూటర్‌లో తేదీ సరిచెయ్యి. అందులో ఉన్న మనిషిని కాదు నేను.

మీ వదిన

---

పదిహేనో తారీఖు, మధ్యాహ్నం

వదినా! వదినా!

మీరు మొన్న బస్సెక్కేటప్పుడు "ఫలితం ఫోన్‌లో చెప్పు" అన్నారు. చెప్పను. ఇదీ రాస్తాను, మీరిదీ చివరిదాకా చదవాలి.

మూడు అచ్చులు పాడుచేశాక నాలుగోది కుదిరిందని మీకు తెలుసు, తిట్టింది మీరే కాబట్టి. "నొక్కు పిల్లా, మోకాలి చిప్ప కింద రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కు, ఆయనేమీ గాజుబొమ్మ కాదు" అన్నారే, ఆ ప్లాస్టర్ వేడెక్కి గట్టిపడేటప్పటి వెచ్చదనం నా బొటనవేళ్ళకి ఇంకా గుర్తుంది. ఎముక ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

నిన్న మైదానానికి వెళ్ళాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా మాస్టారు నిలబడే ఉన్నారు. కుర్చీ వేస్తే దాని మీద నీళ్ళ సీసా పెట్టుకున్నారు. ఒక్క మేజోడు చాలిందట. చివర్లో నా దగ్గరికి నడిచొచ్చి, కాలు నేలకి రెండుసార్లు తాటించి, "ఇది ఇవాళ్టిదమ్మా" అన్నారు. తర్వాత నా చెవి పక్కనే ఈల ఊదారు. ఇప్పటికీ గుయ్యిమంటోంది.

ఇవాళ పొద్దున బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకరికి నేను ప్లాస్టర్ చుడుతున్నాను. మీ తమ్ముడు మోచేతుల దాకా తెల్లగా, గిన్నెలో కలుపుతున్నారు. ఫోన్ మోగింది. గరిట చివరతో స్పీకర్ నొక్కారు. కంపెనీ! కొత్త ప్రోగ్రాం గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలట.

మీ తమ్ముడు గిన్నెలోకి చూశారు, గోడ మీది గడియారం చూశారు. "బిగుసుకుపోతోంది బాబూ, కాస్త లైన్లో ఉండండి" అన్నారు.

ఆ తర్వాత, వాళ్ళు విసుక్కోకుండా, వాళ్ళ పాటే వాళ్ళకి ఈల వేసి వినిపించారు. మొత్తం.

మీ చేతిపని నేర్చుకున్న
తొందరమ్మ