షోరూమ్ గుమ్మంలో వ్యాన్

2009 జూన్, శుక్రవారం

పెట్రోలు పైపు లోపం వల్ల నా వ్యాన్‌కి మంటలు అంటుకోవచ్చనీ, ఆ పైపుని ఉచితంగా మారుస్తామనీ కంపెనీ ఉత్తరం రాసింది. ఈరోజు ఖాళీ వ్యాన్‌ని టెక్కలి షోరూమ్‌కి తీసుకెళ్లాను.

"పైపులింకా రాలేదు. నెలాగి రా. అందాకా నడుపుకో, ఏటీ అవదు" అన్నాడు మేనేజరు.

రోజూ మా ఊరు సుమ్మాదేవి నుంచి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి పదిమంది ఆడవాళ్లు ఆ వ్యాన్‌లోనే వెళ్తారు.

"ఏటీ అవదని కాయితం మీద రాసి సంతకం పెట్టండి బాబూ" అన్నాను. పెట్టలేదు. వ్యాన్‌ని గుమ్మానికి అడ్డంగా నిలిపి, తాళం జేబులో వేసుకుని బస్సెక్కాను.

సాయంత్రం ఆడవాళ్లకి చెప్పాను. వాళ్లలో పెద్దావిడ అప్పలమ్మ, "పోలీసులొత్తే ఏటి సేత్తావు బావా?" అంది.

"ఉత్తరం సూపిత్తాను."

"అయితే మేమూ వత్తాం."

రేపు పని మానుకుని పదిమందీ నాతో షోరూమ్‌కి వస్తున్నారు. ఫ్యాక్టరీవాళ్లు ఏమంటారో... అననీ. కాలిపోయేది మేము కదా!